ఎలక్ట్రిక్ గార్డెన్ ట్రాక్టర్‌కి టిల్లర్: బాగుచేసుకోవడం, దున్నుకోవడం

పాత ఎలక్ట్రిక్ గార్డెన్ ట్రాక్టర్ కొన్న మనవాళ్ళు ఫోన్ చేశారంటే మొదటి మాట దాదాపు ఒకటే: "టిల్లర్ మోటార్ కాలిపోయింది అన్నా, ఎక్కడ దొరుకుతుంది?" టిల్లర్ అంటే బండి వెనకాల తిరిగే పళ్ళతో మట్టి దున్నేది. దాని మోటార్ చాలాసార్లు కాలిపోయి ఉండదు. కొత్త మోటార్ కోసం వెతకడం కాసేపు ఆపండి. బ్యాటరీ నుంచి మోటార్ దాకా కరెంటు నడిచే దారిలో ఎక్కడో ఒకచోట తుప్పు పట్టి ఉంటుంది. ముందు దాన్ని పట్టుకుందాం.

నా దగ్గరున్నది ఎలెక్-ట్రాక్. న్యూయార్క్ రాష్ట్రంలోని స్కెనెక్టడీలో జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళు 1969లో మొదలుపెట్టి, 1970ల మధ్యకల్లా వదిలేసుకున్న బండి. నేనుండేది ఆ చుట్టుపక్కలే కాబట్టి ఇక్కడ పాత గరాజ్‌లలో, కొట్టాల్లో ఇప్పటికీ కనిపిస్తుంటాయి. పెద్ద మోడళ్ళలో 6 వోల్టుల గోల్ఫ్ కార్ట్ బ్యాటరీలు ఆరు ఉంటాయి, వరసగా కలిపితే 36 వోల్టులు. గడ్డి కోసేదానికి, మంచు ఎగజిమ్మేదానికి, టిల్లర్‌కి దేని మోటార్ దానిదే. మన ఊళ్ళో రోటావేటర్ ట్రాక్టర్ ఇంజన్ నుంచి షాఫ్ట్ మీద తిరుగుతుంది కదా, ఇక్కడ ఆ షాఫ్టే లేదు. వెనకాల తగిలించి, కేబుల్ తెచ్చి సాకెట్‌లో గుచ్చితే సరి. మీది వేరే కంపెనీ బండి అయినా, 48 వోల్టులదైనా కింద చెప్పేది చాలావరకు పనికొస్తుంది. బ్రష్‌లు (మోటార్‌లో తిరిగే భాగానికి ఆని కరెంటు అందించే ముక్కలు) లేని కొత్త రకం మోటార్ అయితే బ్రష్‌ల ముచ్చట వదిలేసి చదవండి.

తుప్పు మీద ఎందుకింత పట్టుదల

ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. హైదరాబాద్‌లో ఇంట్లో 230 వోల్టుల మీద అంత పని చేసే మోటార్ నడిపితే, నష్టాలు వదిలేసి లెక్కేస్తే 3 ఆంపియర్ల పైచిలుకు చాలు. అదే పని 36 వోల్టుల మీద చేయాలంటే 21 ఆంపియర్లు కావాలి, నష్టాలు కలుపుకుంటే 30కి దగ్గర. గట్టి నేలలో పళ్ళు దిగితే ఇంకా పైకి పోతుంది. జాయింట్ దగ్గర పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. కరెంటు పదింతలైతే అదే జాయింట్ దగ్గర వేడి వందింతలు. అందుకే ఇంటి వైరింగ్‌లో ఏళ్ళ తరబడి గడిచిపోయే వదులు కనెక్షన్, ఈ బండి మీద ఒక సాలు పూర్తయ్యేలోపే ప్లాస్టిక్ కరిగిస్తుంది.

ఇంకో లెక్క. ఒక లగ్గు (వైరు చివర నొక్కి బిగించే లోహపు చెవి) దగ్గర తుప్పు వల్ల 0.02 ఓమ్ అడ్డు ఉందనుకోండి. మామూలు మల్టీమీటర్‌తో ఓమ్‌లలో చూస్తే సున్నా లాగే కనిపిస్తుంది. 80 ఆంపియర్లు పారితే అక్కడే 1.6 వోల్టులు పోతాయి, 128 వాట్ల వేడి పుడుతుంది. అలాంటి జాయింట్లు నాలుగుంటే మోటార్‌కి అందేది 36 కాదు, 30 లోపే. మోటార్ నీరసంగా తిరుగుతుంది, మట్టిలో ఆగిపోతుంది. చూసినవాళ్ళు "మోటార్ పోయింది" అంటారు.

ముట్టుకునే ముందు

పెట్రోల్ టిల్లర్ ఆన్‌లో ఉంటే చప్పుడే చెబుతుంది. ఇది చెప్పదు. నిశ్శబ్దంగా ఉంటుంది, స్విచ్‌కి మోచెయ్యి తగిలితే పళ్ళు తిరుగుతాయి. కాబట్టి టిల్లర్ మీద చెయ్యి వేసే ముందు తాళం తీసెయ్యడం ఒక్కటే చాలదు. టిల్లర్ ప్లగ్ సాకెట్‌లోంచి పీకి, మీ కళ్ళెదుట సీటు మీద పెట్టండి. ట్రాక్టర్ వైరింగ్ జోలికి వెళ్తుంటే బ్యాటరీ మెయిన్ కనెక్షన్ కూడా తీసేయాలి. పైకి లేపిన టిల్లర్ కింద చెక్క దుంగలు పెట్టండి. లిఫ్ట్‌ని నమ్ముకుని కింద దూరొద్దు.

36 వోల్టులే కదా, షాక్ కొట్టదు కదా అని తేలిగ్గా తీసుకుంటారు. షాక్ సంగతి అలా ఉంచండి. బ్యాటరీ రెండు కొనల మీద పానా పడిందంటే అది ఎర్రగా కాలి అతుక్కుపోతుంది. ఉంగరం, కడియం, వాచీ తీసి లోపల పెట్టి రండి. నేనైతే పానాల పిడికి ఎలక్ట్రికల్ టేపు చుట్టి పెట్టుకుంటాను. చార్జింగ్ పెట్టినప్పుడు ఈ బ్యాటరీల్లోంచి హైడ్రోజన్ వస్తుంది కాబట్టి గరాజ్ తలుపు తెరిచి ఉంచాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. కళ్ళద్దాలు తప్పనిసరి.

కరెంటు దారి శుభ్రం చేయడం

బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి మోటార్ వైపు వెళ్ళండి. ఏ వైరు ఎక్కడిదో ముందే ఫోన్‌లో ఫోటో తీసుకోండి.

కొనల మీద తెల్లగానో పచ్చగానో పొంగి ఉంటే వంట సోడా నీళ్ళలో కలిపి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. బుసబుసమని నురగ వస్తుంది, నురగ ఆగిందంటే యాసిడ్ చచ్చినట్టే. ఆ నీళ్ళు బ్యాటరీ లోపలికి మాత్రం పోకూడదు, మూతలు బిగించి ఉండాలి. తర్వాత మంచి నీళ్ళు పోసి, తుడిచి, ఆరనిచ్చి, లోహం మెరిసేదాకా ఉప్పుకాగితంతో గీకండి. లగ్గు కింది ముఖం మర్చిపోతుంటారు, అసలు కరెంటు పారేది అక్కడే.

వైరు సంగతి చూడాలి. లగ్గుకి ఒక అంగుళం ఇవతల వైరుని వేళ్ళతో వంచండి. లోపల కరకరమంటే రాగి పోగులు పుచ్చిపోయాయన్నమాట. పై తొడుగు కత్తిరించి చూస్తే పోగులు నల్లగా కనిపిస్తాయి. నల్లబడ్డంత మేరా కోసేసి, మెరిసే రాగి దగ్గర కొత్త లగ్గు నొక్కాలి. నొక్కడానికి సుత్తి, కటింగ్ ప్లయర్ పనికిరావు. హైడ్రాలిక్ క్రింపర్ ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకోండి, లేదా కొలత ఇచ్చి తయారు కేబుల్ తెప్పించుకోండి.

సాకెట్, ప్లగ్ లోపల రేకులు వదులైతే నల్లగా కాలిన మచ్చ కనిపిస్తుంది. కొంచెం కాలితే గీకి, రేకు దగ్గరికి వంచి వాడుకోవచ్చు. ప్లాస్టిక్ కరిగి ఉంటే మొహమాటం లేకుండా మార్చేయండి, ఫోర్క్‌లిఫ్ట్‌లకు వాడే రెండు పిన్నుల పెద్ద కనెక్టర్లు దీనికి బాగా సరిపోతాయి. స్విచ్ మార్చాల్సి వస్తే దాని మీద డీసీ రేటింగ్ చూడండి. ఇంట్లో వాడే ఏసీ స్విచ్ పెడితే డీసీ నిప్పురవ్వ ఆరదు, లోపలే అతుక్కుపోతుంది. అప్పుడు మీరు ఆఫ్ చేసినా టిల్లర్ ఆగదు. ఫ్యూజు తీసేసి తీగ చుట్టి అమ్మిన బండ్లు కూడా చూశాను. అలాంటిది మీ చేతికొస్తే సరైన ఫ్యూజు వేసేదాకా స్విచ్ ముట్టుకోకండి.

అంతా బిగించాక పరీక్ష. మీటర్ డీసీ వోల్టుల్లో పెట్టి, జాయింట్‌కి ఇవతల ఒక క్లిప్, అవతల ఒక క్లిప్ తగిలించండి. చేత్తో పట్టుకోవద్దు. మీటర్ సీటు దగ్గర కనిపించేలా కట్టుకుని ఒక సాలు దున్నండి. మంచి జాయింట్ 0.1 వోల్టు లోపే చూపిస్తుంది. 0.2 దాటితే మళ్ళీ విప్పాల్సిందే. కరెంటు కొలవాలంటే డీసీ కొలిచే క్లాంప్ మీటరే (వైరు చుట్టూ పట్టి కొలిచేది) కావాలి, చవకరకం ఏసీ క్లాంప్ ఇక్కడ ఏమీ చూపించదు.

అప్పటికీ తిరగకపోతే మోటార్

మోటార్ నుంచి పళ్ళని తిప్పే చెయిన్ విడదీసి మోటార్ షాఫ్ట్‌ని చేత్తో తిప్పండి. సాఫీగా తిరగాలి. గరగరమంటే బేరింగ్. బిగుసుకుపోతే తుప్పు, లేదా లోపల ఎలక గూడు. నవ్వకండి, ఏళ్ళ తరబడి కొట్టంలో పడున్న మోటార్‌లో ఎలకలు పీచు, గింజలు దాచుకుంటాయి.

మోటార్‌ని బల్లకి కట్టి, 12 వోల్టుల బ్యాటరీతో తిప్పి చూడండి. నెమ్మదిగా, సమానంగా తిరిగితే సగం దిగులు తీరినట్టే. కట్టకుండా పెడితే ఎగిరి కాలి మీద పడుతుంది. లోడ్ లేకుండా నేరుగా 36 వోల్టులు మాత్రం ఇవ్వకండి. సిరీస్ మోటార్ (లోపలి చుట్టలన్నీ వరసగా కలిపినది) అయితే అదుపు లేకుండా వేగం పెరిగిపోతుంది.

ఇక బ్రష్‌లు. ఏది ఏ గూట్లోది, ఏ వైపు తిరిగి ఉందో గుర్తు పెట్టి బయటికి తీయండి. కొస కమ్యుటేటర్ (బ్రష్‌లు ఆనే, రాగి పలకలతో చేసిన గుండ్రటి భాగం) గుండ్రానికి తగ్గట్టు నున్నగా వంపు తిరిగి ఉంటే అది బాగా పనిచేసిన బ్రష్. కొస ముక్కలైనా, పొడవు మూడో వంతుకి తగ్గినా, తీగ తెగినా కొత్తవి వేయండి. గూట్లో పైకీ కిందికీ ఆడకుండా ఇరుక్కున్న బ్రష్ కూడా మోటార్‌ని ఆపేస్తుంది, దానికి డబ్బు ఖర్చు లేదు. గూడు తుడిస్తే చాలు.

కొత్తవి కొనేటప్పుడు సైజు ఒక్కటే చూసి మోసపోతారు. తక్కువ వోల్టు, ఎక్కువ కరెంటు మోటార్లకి రాగి పొడి కలిపిన బ్రష్‌లు వేస్తారు. వెలుతురులో చూస్తే లోపల రాగి రంగు మెరుస్తుంది. డ్రిల్లింగ్ మెషిన్‌లో వేసే నల్ల కార్బన్ బ్రష్ అదే సైజులో దొరికినా వేయొద్దు, దాని అడ్డు ఎక్కువ, ఊరికే వేడెక్కుతుంది. కాస్త పెద్ద సైజువి దొరికితే ఫరవాలేదు, ఉప్పుకాగితం మీద రుద్ది సరిపెట్టుకోవచ్చు.

కమ్యుటేటర్ మీద లేత గోధుమ, చాక్లెట్ రంగు పొర ఉంటే దాన్ని ముట్టుకోకండి. అది ఆరోగ్యమైన రంగు. శుభ్రంగా ఉండాలని తళతళలాడేలా రుద్దితే బ్రష్‌లు తొందరగా అరుగుతాయి. గరుకుగా, నల్లగా ఉంటేనే సన్నని ఉప్పుకాగితం వాడండి. ఎమరీ గుడ్డ వద్దు, దాని పొడి రాగి పలకల మధ్య సందుల్లో ఇరుక్కుంటుంది. ఆ సందుల్ని పాత రంపం బ్లేడు ముక్కతో మెల్లగా గీరి, మొహానికి మాస్కు కట్టుకుని కార్బన్ దుమ్ము ఊదేయండి. పక్కపక్కనున్న ఒకటి రెండు పలకలే బాగా కాలి నల్లబడి ఉంటే లోపల చుట్ట తెగిందని అనుమానించాలి. అక్కడితో మన పని అయిపోయింది, వైండింగ్ షాపుకి తీసుకెళ్ళండి.

కొత్త బ్రష్ కొస చదునుగా ఉంటుంది కాబట్టి ఒక మూలే ఆనుతుంది. కమ్యుటేటర్ చుట్టూ సన్న ఉప్పుకాగితం పేలిక గరుకు వైపు బయటికి ఉండేలా చుట్టి, బ్రష్ దాని మీద నొక్కి ఉండగా షాఫ్ట్‌ని తిరిగే దిశలో ముందుకే తిప్పుతూ ఉండండి. బ్రష్ కొసకి వంపు వస్తుంది. ఓపిగ్గా చేయాల్సిన పని, కాఫీ పక్కన పెట్టుకోండి.

బేరింగ్ మార్చాలంటే పాతదాని పక్కన నంబర్ చదవండి. 6203 అని ఉంటే లోపలి రంధ్రం 17, బయట 40, మందం 12 మిల్లీమీటర్లు. చివర 2ఆర్ఎస్ అని ఉన్నది అడగండి, రెండు వైపులా రబ్బరు మూత ఉంటుంది, మట్టిలో పనికి అదే కావాలి. ట్రాక్టర్ విడిభాగాల పేరుతో అడిగితే ఒక ధర, బేరింగ్ షాపులో నంబర్ చెబితే ఇంకో ధర. షాఫ్ట్ మీదికి ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీదే దెబ్బ పడాలి.

చెయిన్, సీలు, పళ్ళు

చెయిన్ మరీ బిగువుగా ఉంటే బేరింగ్ తింటుంది, వదులుగా ఉంటే దాటుకుంటుంది. రెండు స్ప్రాకెట్ల (చెయిన్ తిరిగే చక్రాల) మధ్య అడుగు దూరం ఉంటే మధ్యలో పావు అంగుళం ఆడాలి. జాయింట్ లింకు క్లిప్పులో మూసి ఉన్న వైపు చెయిన్ పోయే దిశకి ఉండాలి. తిరగేసి పెడితే ఏ రాయి తగిలినా ఊడి మట్టిలో కలిసిపోతుంది.

పళ్ళ షాఫ్ట్ చివర్ల దగ్గర ఆయిల్ కారుతుంటే ముందు చివరి పళ్ళు విప్పి చూడండి. టమాటా పాదులకు కట్టిన ప్లాస్టిక్ పురికొస, పాత గడ్డి వేళ్ళు చుట్టుకుని సీలు (ఆయిల్ కారకుండా ఆపే రింగు) పెదవిని కోసేసి ఉంటాయి. ఆ చుట్టిందంతా కత్తితో కోసి లాగేయాలి. కొత్త సీలు పెట్టేటప్పుడు స్ప్రింగ్ ఉన్న పెదవి ఆయిల్ వైపు చూడాలి. ఈ ఒక్క కారణానికే మా ఇంట్లో పాదులకు ప్లాస్టిక్ తాడు కట్టడం మానేశాం, జనపనార తాడే.

పళ్ళలో కుడివి, ఎడమవి వేరు. పదునైన అంచు ముందుగా మట్టిలో దిగాలి. తిరగేసి బిగించిన టిల్లర్ చప్పుడు బాగానే చేస్తుంది, మట్టిని మాత్రం వీపుతో బాదుతుంది. కరెంటు రెట్టింపు, లోతు సగం. అన్నీ విప్పే ముందు ఫోటో తీసుకోండి, ఒకేసారి కాకుండా ఒక వరస విప్పి, బిగించి, ఇంకో వరస పట్టుకోండి. వెడల్పు సగానికి అరిగిన పళ్ళు మార్చాలి. బోల్టులు ఏ గ్రేడువి ఉంటే అవే వేయండి. తెగడానికే పెట్టిన బోల్టు స్థానంలో గట్టిది వేస్తే, రాయి తగిలినప్పుడు బోల్టుకి బదులు షాఫ్టు వంగుతుంది.

ఇక దున్నడం

ఒంగోలు పక్క నల్లరేగడిలో వ్యవసాయం చేసిన మా నాన్నకి వీడియో కాల్‌లో ఈ బండి చూపించాను. ఎంత హార్స్‌పవరో, బ్యాటరీ ఎంతసేపు వస్తుందో అడుగుతాడనుకున్నా. ఆయన అడిగింది వేరు. "నేల పదునులో ఉందా? పదునుంటే ఎద్దులే దున్నేస్తాయి, లేకపోతే ట్రాక్టరైనా గీకుద్ది. ఆ మట్టి కాస్త పిడికిట్లో పట్టి చూపించరా." ఎలక్ట్రిక్ టిల్లర్‌కి ఇంతకన్నా మంచి సలహా మాన్యువల్‌లో కూడా దొరకదు. నాలుగు అంగుళాల లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి ముద్ద చేయండి. బొటనవేలితో నొక్కితే పొడిగా విడిపోవాలి. వేలి గుర్తు పడి బంకలాగా ఉండిపోతే ఇంకా తడి ఎక్కువ, దున్నితే పెళ్ళలు కట్టి ఎండాక ఇటుకలవుతాయి. అసలు ముద్దే కట్టకపోతే మరీ ఎండింది, ముందు రోజు నీళ్ళు పెట్టండి. పదునులో దున్నితే ఒకే చార్జ్‌లో అయిపోయే మడి, గట్టి నేలలో సగంలోనే ఆగిపోతుంది.

అమెరికాలో ఉంటే కొత్త చోట దున్నే ముందు 811కి ఫోన్ చేయండి. గ్యాస్, కరెంటు, కేబుల్ లైన్లు ఎక్కడున్నాయో వచ్చి ఉచితంగా రంగుతో గుర్తు పెట్టి వెళ్తారు. మా లాంటి చలి ప్రాంతాల్లో ఇంకో పని కూడా ఉంది. చలికాలంలో నేల గడ్డకట్టి, కరిగి, కింది రాళ్ళని పైకి నెడుతుంది. పోయినేడు ఏరేసిన మడిలోనే ఈ ఏడు మళ్ళీ రాళ్ళు తేలతాయి. బకెట్ పట్టుకుని ఒకసారి నడిచి ఏరాకే బండి దించండి.

మొదటి సాలు రెండు అంగుళాల లోతే. రెండోసారి నాలుగు, అవసరమైతే మూడోసారి ఆరు. ఒక్కసారే లోతుగా దించితే ఆంపియర్ల ముల్లు ఎగిరి కూర్చుంటుంది, వైర్లు వేడెక్కుతాయి, పని ముందుకి సాగదు. ట్రాక్టర్ అతి తక్కువ గేరులో, నెమ్మదిగా పోవాలి. పళ్ళు పూర్తి వేగంతో తిరగడం మొదలయ్యాకే నేలకి దించండి. మోటార్ గొంతు దిగిందంటే ముందుకి నెట్టకండి, కాస్త పైకి లేపండి. ఆగిపోయిన మోటార్‌కి కరెంటు ఇస్తూ కూర్చుంటే కమ్యుటేటర్ అక్కడికక్కడే కాలుతుంది. బ్రష్‌లు మార్చిన మోటార్ అయితే మొదటి రోజు పైపైన దున్ని ఆపండి, బ్రష్‌లు సర్దుకోనివ్వండి.

మలుపు దగ్గర టిల్లర్ పైకి లేపాలి. నేలలో ఉండగా తిప్పితే లాగే భాగాలు మెలి పడతాయి. సాలు పక్కనే సాలు కాకుండా, ఒకటి వదిలి ఒకటి వేసుకుంటూ పోయి, మిగిలినవి తర్వాత దున్నితే మలుపులు విశాలంగా వస్తాయి.

తుంగ, గరికలాంటి గడ్డి ఉన్నచోట మాత్రం టిల్లర్ పెట్టకండి. ఒక్కో వేరూ ముక్కలై మడంతా నాటినట్టవుతుంది. ముందు పార పట్టి తవ్వి దుంపలతో సహా తీసేయాలి, అడ్డదారి లేదు. మట్టిని పిండి చేయాలన్న సరదా కూడా వద్దు. శనగగింజంత ఉండల నుంచి నిమ్మకాయంత పెళ్ళల దాకా కలిసి ఉంటే చాలు. పిండి చేసిన నేల మొదటి వానకే పైన పెచ్చు కట్టేస్తుంది, గోంగూర మొలక ఆ పెచ్చుని చీల్చుకుని రాలేదు. మా వైపు ఆఖరి ఫ్రాస్ట్ (రాత్రిళ్ళు మొక్కల మీద మంచు గడ్డకట్టడం) మే నెల మధ్య దాకా ఉంటుంది కాబట్టి బెండ, గోంగూర గింజలకు తొందరేం లేదు. ఏప్రిల్ తడిలో దున్నేయాలన్న ఆత్రం పక్కన పెట్టి, పదును కోసం ఆగొచ్చు.

బ్యాటరీని ఎక్కడ ఆపాలి

నిండా చార్జ్ అయి కాసేపు ఊరుకున్న 36 వోల్టుల సెట్ 38.2 వోల్టుల దగ్గర ఉంటుంది. అలాగే ఊరుకున్నప్పుడు 36.3 దగ్గరికొచ్చిందంటే సగం అయిపోయినట్టు, నేను అక్కడ ఆపేస్తాను. దున్నుతుండగా 31.5 కిందికి పడితే దున్నాల్సింది ఎంత కొంచెం మిగిలినా ఆ పూటకి ఆపేయండి. ఒక్కో బ్యాటరీని విడిగా కూడా కొలవండి. ఐదు బాగుండి ఒకటి నీరసంగా ఉంటే, దాని వల్లే మిగతావి చెడిపోతాయి. చలిలో బ్యాటరీ సత్తువ తగ్గుతుంది, ఏప్రిల్ పొద్దున కంటే మే మధ్యాహ్నం ఎక్కువసేపు వస్తుంది.

పని అయిన రోజే చార్జింగ్ పెట్టాలి, రేపు చూద్దాంలే అనొద్దు. డిస్టిల్డ్ వాటర్ చార్జింగ్ అయ్యాక పోయాలి, ముందే నిండుగా పోస్తే చార్జింగ్‌లో పొంగి మళ్ళీ తుప్పు మొదలవుతుంది. బ్యాటరీ లోపలి సీసం పలకలు నీళ్ళలోంచి బయటికి తేలి ఉంటే మాత్రం అవి మునిగేంత ముందే పోయండి. లిథియం పెట్టుకోవచ్చా అని అడుగుతుంటారు. పెట్టుకోవచ్చు, చార్జర్ కూడా మార్చాలి. కాకపోతే ఒక్కో పాత లెడ్ బ్యాటరీ 28 కిలోల దాకా ఉంటుంది. ఆ బరువు వల్లే టైర్లు జారకుండా టిల్లర్‌ని లాగుతున్నాయి. బరువు తీసేస్తే ఇనప దిమ్మలు మళ్ళీ మీరే కట్టుకోవాలి.

చలికాలం ముందు పళ్ళకి అంటిన మట్టి గీకి, పాత ఇంజనాయిల్ పూసి, మోటార్ మీద నీళ్ళు పడని చోట పెట్టండి. ప్రెషర్ వాషర్ మోటార్ వైపు తిప్పొద్దు. బ్యాటరీలు నిండా చార్జ్ అయి ఉండాలి. ఖాళీ బ్యాటరీ సున్నాకి కొన్ని డిగ్రీలు కిందికే గడ్డకట్టి పగులుతుంది, నిండు బ్యాటరీ మా చలిని తట్టుకుంటుంది. ఒక డబ్బాలో జత బ్రష్‌లు, చెయిన్ జాయింట్ లింకులు, ఫ్యూజు, పళ్ళ బోల్టులు నాలుగు వేసి సీటు కింద పెట్టుకోండి. ఇవి తెగేది ఎప్పుడూ ఆదివారం సాయంత్రమే, షాపులు మూసేశాక.